పదిహేను వేల ఆగస్టులు

2009 వేసవిలో జపాన్ టీవీ ప్రేక్షకులకి ఒక విచిత్రమైన అనుభవం ఎదురైంది. రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చే ఒక యానిమేలో ఐదుగురు హైస్కూలు పిల్లలు వేసవి సెలవుల ఆఖరి రెండు వారాలు గడుపుతారు. ఈతకొలనుకి వెళ్తారు, యుకతాలు కట్టుకుని పండగలో తిరుగుతారు, బాణసంచా కాలుస్తారు, కీచురాళ్ళని పడతారు. సెలవులు అయిపోతాయి. మరుసటి వారం టీవీ పెడితే మళ్ళీ అదే ఈతకొలను, అవే కీచురాళ్ళు. ఆ పై వారం కూడా అంతే. ఇలా ఎనిమిది వారాలు నడిచింది.

ఆ యానిమే పేరు 'సుజుమియా హరుహి', ఆ భాగం పేరు 'ఎండ్‌లెస్ ఎయిట్'. ఎనిమిదో నెల, అంటే ఆగస్టు, ఎంతకీ తెమలదని భావం. కథలో ఆ రెండు వారాలు 15,532 సార్లు తిరిగి తిరిగి వస్తాయి. పుస్తకంలో ఇది ఒక కథ మాత్రమే. చదవడం మొదలుపెడితే ఒక్క కూర్చోటులో అయిపోతుంది. అలాంటి దాన్ని ఎనిమిది ఎపిసోడ్లుగా తీసింది క్యోటో యానిమేషన్ సంస్థ. అభిమానులకి ఒళ్ళు మండింది. ఇప్పటికీ యానిమే చరిత్రలో ఘోరమైన తప్పుల జాబితా ఎవరు రాసినా ఇది అందులో ఉంటుంది.

నాకు మాత్రం లైట్ నవలల్ని తెరకెక్కించడం గురించి మాట్లాడుకోవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఎందుకంటే మనం మామూలుగా వాడే కొలబద్ద ఇక్కడ పనిచెయ్యదు. 'పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీశారా, లేదా?' అన్నదే కదా ఆ కొలబద్ద. ఎండ్‌లెస్ ఎయిట్ కథలో ఏదీ మార్చలేదు, పైగా ఎనిమిది సార్లు తీసింది. అయినా జనం మోసపోయామనుకున్నారు. అంటే పుస్తకంలో ఉన్న 'ఉన్నది' ఏమిటన్నది మనం అనుకున్నంత తేలిక ప్రశ్న కాదన్నమాట.

*

లైట్ నవల అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. జపాన్‌లో బుంకో అంటే జేబులో పట్టే చిన్న సైజు పుస్తకం. ఆ సైజులో, టీనేజి పాఠకుల కోసం, మాంగా పద్ధతి బొమ్మలతో, చకచకా సాగే వచనంతో వచ్చే నవలలే లైట్ నవలలు. ఆ పేరు 1990ల మొదట్లో కంప్యూటర్ నెట్‌వర్క్ చర్చల్లో పాఠకులు పెట్టుకున్నది. సరుకు మాత్రం అంతకంటే పాతది. 1975లో అసాహి సొనొరామా సంస్థ కుర్రకారు కోసం బుంకో వరస ఒకటి మొదలుపెట్టింది. హరుకా తకచిహో 'క్రషర్ జో' 1977లో అందులోనే వచ్చింది, దానికి బొమ్మలు వేసింది యోషికజు యసుహికో. 1979లో 'గుండమ్' యానిమే దర్శకుడు తొమినో తన కథని తనే నవలగా రాస్తే అదీ ఇందులోనే అచ్చయింది. 1983లో హిదెయుకి కికుచి రాసిన 'వాంపైర్ హంటర్ డి' కూడా ఇందులోదే, దానికి బొమ్మలు యోషితకా అమానోవి. రెండేళ్ళకే అది యానిమే అయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ నవలలు పుట్టుకతోనే తెరకి చుట్టాలు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు రాకపోకలు మొదటినుంచీ ఉన్నాయి. పాత్ర జుట్టు ఏ రంగో, కళ్ళు ఎలా ఉంటాయో పుస్తకం అట్ట మీదే బొమ్మ ఉంటుంది. అలాంటప్పుడు వీటిని యానిమే చెయ్యడం చాలా సులువై ఉండాలి. ఎందుకు కాలేదు?

నాకు తోచిన జవాబు ఇది. బొమ్మలు పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి రచయిత వర్ణనల జోలికి పెద్దగా పోడు. ఆ ఖాళీ అయిన చోటునంతా ఒక గొంతు ఆక్రమిస్తుంది. చాలా లైట్ నవలల్లో ఆ గొంతు 'నేను' అని మాట్లాడే ఒక పదహారేళ్ళ మనిషిది. వెటకారాలు, సణుగుళ్ళు, అబద్ధాలు, మధ్యలో ఆగి మనతో చెప్పుకునే గోడు, అన్నీ దానిలోనే. పాఠకుడు డబ్బు పెట్టి కొనుక్కునేది కథని అనుకుంటాడు గానీ, ఇరవై సంపుటాల పాటు వెంట నడిచేది ఆ గొంతు కోసమే. కెమెరాకి బొమ్మ దొరుకుతుంది, కథ దొరుకుతుంది. దొరకనిది ఆ గొంతే.

1990లో మొదలైన హజిమె కంజకా 'స్లేయర్స్' నవలలు దీనికి తొలినాటి ఉదాహరణ. లీనా అనే మంత్రగత్తె తన కథ తనే గొప్పలు పోతూ చెబుతుంది. 1995లో టీవీ యానిమే వచ్చినప్పుడు ఆ 'నేను' చాలావరకు పోయింది. అయినా సీరియల్ నిలబడింది. మెగుమి హయషిబరా అనే నటి లీనాకి గొంతు ఇస్తూ ఆ గొప్పలన్నిటినీ సంభాషణల్లోకి దించేసింది. హాస్యం కాబట్టి అది కుదిరింది. లీనా మనసులో అనుకునేదీ పైకి అనేదీ దాదాపు ఒకటే.

కుదరని చోటు 1998లో వచ్చింది. కొహే కదోనో రాసిన 'బూగీపాప్' మొదటి నవలలో జరిగిన సంగతులు ఐదు భాగాల్లో, ఐదుగురి వైపునుంచి చెబుతారు. ఎవరికీ పూర్తి కథ తెలియదు, పాఠకుడికే ముక్కలు అతుక్కుంటాయి. దీన్ని ఎలా తియ్యాలి? 2000లో మ్యాడ్‌హౌస్ స్టూడియో అసలు నవలని తియ్యనే లేదు. నవల అయిపోయాక ఆ ఊళ్ళో ఏం జరిగిందో పన్నెండు ఎపిసోడ్ల కొత్త కథ అల్లింది. సంఘటనలు కొత్తవి, పద్ధతి మాత్రం నవలదే: ముక్కలు, వేరువేరు మనుషులు, చీకటి. 2019లో అదే స్టూడియో నవలల్నే తీసింది. మొదటి పుస్తకాన్ని మూడు ఎపిసోడ్లలో ముగించింది. సంఘటనలన్నీ ఉన్నాయి. కానీ ఎవరి చూపులోంచి చూస్తున్నామో తెలిసేలోపే చూపు మారిపోతుంది. రెంటిలో నవలకి దగ్గరగా అనిపించింది నాకు మొదటిదే.

*

ఇక హరుహి దగ్గరికి వద్దాం. నగారు తనిగావా రాసిన మొదటి సంపుటం కదొకావా సంస్థ స్నీకర్ బహుమతి గెలుచుకుని 2003లో వచ్చింది. హరుహి అనే అమ్మాయికి గ్రహాంతరవాసులు, కాలంలో ప్రయాణించేవాళ్ళు, అతీత శక్తులున్నవాళ్ళు కావాలి. మామూలు మనుషులంటే విసుగు. తనకే తెలియకుండా తను ప్రపంచాన్ని మార్చగలదు. కథ చెప్పేది ఆమె కాదు. ముందు బెంచీలో కూర్చునే క్యోన్ అనే కుర్రాడు. అది వాడి ముద్దుపేరు. అసలు పేరేమిటో పుస్తకం ఎక్కడా చెప్పదు.

ఇంగ్లిషు అనువాదంలో ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడు నన్ను బాగా ఆకట్టుకున్నది క్యోన్ మాటల తీరు. వాడి మాటలకి చాలాచోట్ల కొటేషన్లు ఉండవు. మనసులో అనుకుంటున్నాడులే అనుకుంటాం, పక్క వాక్యంలో ఎవరో దానికి జవాబిస్తారు. పైకి అన్నాడా, లోపల అనుకున్నాడా? ఈ అస్పష్టతే నవల ప్రాణం. ఈ అబ్బాయి హరుహిని విసుక్కుంటున్నానని మనకి చెబుతూ ఉంటాడు. నిజంగా విసుక్కుంటున్నాడా? ఈ ప్రశ్న మీదే మొత్తం కథ నడుస్తుంది.

2006 ఏప్రిల్‌లో క్యోటో యానిమేషన్ దీన్ని పద్నాలుగు ఎపిసోడ్లుగా మొదలుపెట్టింది. దర్శకుడు తత్సుయా ఇషిహారా, ఎపిసోడ్ల వరస కూర్చడంలో ముఖ్యుడు యుతకా యమామొతో. వాళ్ళు చేసిన పనుల్లో మొదటిది, గొంతుని తీసెయ్యకపోవడం. తోమొకజు సుగితా అనే నటుడు క్యోన్‌గా దాదాపు ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాడు. పెదవులు కదలని షాట్లు ఎంచుకుని, పైకన్నదేదో లోపలిదేదో తెలియని అస్పష్టతని అలాగే నిలబెట్టారు.

రెండో పని ఎపిసోడ్ల వరసని కలిపెయ్యడం. దీని వెనక ఒక చిక్కు ఉంది. మొదటి సంపుటం పోటీకి పంపిన నవల కాబట్టి దానిలోనే ఆది, అంతం, పతాక సన్నివేశం అన్నీ ఉన్నాయి. తరవాతి సంపుటాల్లో ఎక్కువ చిన్న కథలు. పుస్తకం వరసలోనే తీస్తే ఆరో ఎపిసోడ్‌కే శిఖరం ఎక్కేసి మిగతా ఎనిమిదీ దిగుతూ పోవాలి. అందుకని మొదటి సంపుటాన్ని ఆరు ముక్కలు చేసి, మధ్యమధ్య చిన్న కథలు పెట్టి, పతాక సన్నివేశాన్ని పద్నాలుగో ఎపిసోడ్‌లో ఉంచారు. మొట్టమొదటి ఎపిసోడ్‌గా ఆ పిల్లలు తీసిన ఒక చెత్త సినిమాని, పైన క్యోన్ సణుగుళ్ళతో, యథాతథంగా వదిలారు. ఎవరు వీళ్ళు, ఏమిటిది అని ప్రేక్షకుడు తలపట్టుకున్నాడు. వచ్చేవారం ఏముందో చెప్పేటప్పుడు హరుహి కథాక్రమం ప్రకారం ఒక అంకె చెబుతుంది, క్యోన్ ప్రసార క్రమం ప్రకారం ఇంకో అంకె చెప్పి సరిదిద్దుతాడు. గందరగోళాన్ని కూడా వాళ్ళిద్దరి కీచులాటగా మార్చేశారు.

మూడో పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తొమ్మిదో ఎపిసోడ్ 'సమ్‌డే ఇన్ ద రెయిన్' పుస్తకాల్లో లేదు, తనిగావాయే టీవీ కోసం రాశాడు. ఒక చలి రోజున క్యోన్‌ని హీటరు తెమ్మని పంపిస్తారు. వాడు వెళ్ళిపోతాడు, కెమెరా క్లబ్బు గదిలోనే ఉండిపోతుంది. యుకి నగాతో అనే మౌనంగా ఉండే అమ్మాయి పుస్తకం చదువుతూ ఉంటుంది. అంతే. చాలాసేపు ఇంకేమీ జరగదు. నవల 'నేను' అని చెప్పే క్యోన్‌ది కాబట్టి, వాడు లేని గది నవలలో ఉండటానికి వీల్లేదు. వాడు లేనప్పుడు ఆ అమ్మాయి ఏం చేస్తుందో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు. గొంతు బయటికి నడిచి వెళ్ళాక మిగిలే నిశ్శబ్దాన్ని తెర చూపించగలిగింది. పుస్తకం చెయ్యలేని పని, అయినా పుస్తకం లోపలినుంచే పుట్టిన పని. రాసినవాడే చేసి చూపించాడు.

*

ఇలాంటివి తరచూ ఎందుకు రావు? డబ్బు సంగతి చూడాలి. కదొకావా సంస్థ 1976లో 'ఇనుగామి కుటుంబం' నవలని సినిమాగా తీసినప్పటినుంచీ పుస్తకం, సినిమా, పాట కలిపి అమ్మడంలో ఆరితేరింది. టీవీ యానిమే ఖర్చుని సాధారణంగా నిర్మాణ కమిటీ భరిస్తుంది. ప్రచురణకర్త, మ్యూజిక్ కంపెనీ, డిస్కులు అమ్మే కంపెనీ ఇలా తలా కొంత పెడతారు. ప్రచురణకర్తకి యానిమే ఒక రకంగా ప్రకటన. చూసినవాళ్ళు వెళ్ళి పుస్తకాలు కొంటే చాలు. కథ ముగియనక్కర్లేదు, ముగియకపోతేనే మేలు కూడా. అందుకే పన్నెండు పదమూడు ఎపిసోడ్లలో మూడు నాలుగు సంపుటాలు కుక్కి, ఒక మలుపు దగ్గర వదిలెయ్యడం రివాజయింది.

కుక్కేటప్పుడు ముందు పోయేది ఏది? కొట్లాట పోదు, ముద్దు పోదు. ఆలోచన పోతుంది. 2014లో వచ్చిన 'ది ఇర్రెగ్యులర్ ఎట్ మ్యాజిక్ హైస్కూల్' ఇరవయ్యారు ఎపిసోడ్లలో ఏడో సంపుటం దాకా వెళ్ళింది. నవలలో కథానాయకుడు తత్సుయా ఎందుకలా రాయిలా ఉంటాడో వచనం ఓపిగ్గా విప్పుతుంది. తెర మీద రాయి మిగిలింది, విప్పడం పోయింది. సంఘటనలు లెక్కపెట్టుకుంటే పెద్దగా లోటేమీ కనిపించదు. అయినా పుస్తకం చదవనివాళ్ళకి వాడొక చెక్కబొమ్మ.

'నవలే బాగుంది' అనే మాట మనకీ కొత్త కాదు, వారపత్రిక సీరియళ్ళు సినిమాలైన రోజులనుంచీ వింటున్నదే. ఆ మాట అన్నప్పుడల్లా మనం పోయిన సంఘటనల జాబితా చెబుతాం. నిజంగా బాధపెట్టేది జాబితాలో ఉండదు.

దీనికి విరుగుడు సమయం. 2008లో మొదలైన 'తొరదోరా' ఇరవయ్యైదు ఎపిసోడ్లు. యుయుకో తకెమియా పది సంపుటాల నవల, యానిమే రెండూ 2009 మార్చిలోనే ముగిశాయి. ముగింపు ఉంది కాబట్టి స్క్రీన్‌ప్లే రాసిన మారి ఒకాదాకి ఏది వదలాలో, ఏది మొదటినుంచీ నాటాలో తెలుసు. 2016లో 'రీ:జీరో' మొదటి ఎపిసోడ్‌ని రెట్టింపు నిడివితో వేశారు, ఆ తరవాత కూడా చాలాసార్లు మొదటి పాటనో చివరి పాటనో తీసేసి ఆ నిమిషాలు కథకి ఇచ్చారు. అందుకే పద్దెనిమిదో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఇద్దరు మనుషుల ఒకే ఒక్క సంభాషణ కాగలిగింది. 2021లో '86' మొదటి పదకొండు ఎపిసోడ్లూ ఒకే ఒక్క సంపుటానికి ఇచ్చారు. గోడకి ఇటు సుఖంగా ఉన్న సైన్యాధికారిణి లేనా, అటు చస్తున్న కుర్రాళ్ళు. ఒకే సమయాన్ని ముందు ఒకవైపునుంచి, తరవాత రెండోవైపునుంచి చూపిస్తారు. ఆమె పలికే మంచి మాటలు అవతలివాళ్ళకి ఎలా వినిపిస్తున్నాయో అప్పుడు గానీ మనకి అర్థంకాదు.

*

ఇప్పుడు మళ్ళీ ఆగస్టులోకి వెళ్దాం. 2009లో హరుహి పాత ఎపిసోడ్లని ఈసారి కథాక్రమంలో వేస్తూ మధ్యలో పద్నాలుగు కొత్తవి కలిపారు. ఆ పద్నాలుగులో ఎనిమిది ఎండ్‌లెస్ ఎయిట్‌కే పోయాయి. కావాలంటే ఒకే ఫిల్ముని ఎనిమిది సార్లు వేసి చేతులు దులుపుకోవచ్చు. అలా చెయ్యలేదు. ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త స్టోరీబోర్డు వేసి, కొత్తగా బొమ్మలు గీసి, నటులచేత మళ్ళీ అవే మాటలు చెప్పించారు. బట్టలు వేరు, కోణాలు వేరు, నీడలు వేరు.

ఎందుకింత? పిల్లలకి ఏ చుట్టూ గుర్తుండదు. క్యోన్‌కి ఎప్పుడైనా 'ఇది ముందే జరిగిందే' అన్న అనుమానం తగులుతుంది, అంతే. అన్నీ గుర్తున్నది ఒక్క నగాతోకే, ఆ రోజు గదిలో చదువుకుంటూ కూర్చున్న అమ్మాయికే. 15,532 సార్లు, అంటే లెక్కకి దాదాపు 595 ఏళ్ళు. నవలలో క్యోన్ ఇలాంటి అంకె విని నిర్ఘాంతపోతాడు, మనమూ ఒక నిమిషం నిర్ఘాంతపోయి పేజీ తిప్పేస్తాం. కథకుడికి గుర్తు లేనిదాన్ని కథకుడి గొంతు ఎలా చెబుతుంది? యానిమే చేసిందేమిటంటే, ప్రేక్షకుణ్ణి క్యోన్ పక్కనుంచి లేపి నగాతో పక్కన కూర్చోబెట్టింది. విసుగు ఆమెది. ఎనిమిది వారాలు మనం దాన్ని మోశాం.

ఇంకో సంగతి. పుస్తకాల వరసలో నగాతో ప్రపంచాన్నే మార్చేసే 'హరుహి అదృశ్యం' నాలుగో సంపుటం, ఎండ్‌లెస్ ఎయిట్ ఉన్నది ఐదో దానిలో. రెండూ 2004వే. అంటే పాఠకుడు ముందు ఆమె తెగింపు చూసి, తరవాత ఆమె ఎంత భరించిందో తెలుసుకుంటాడు. యానిమే దీన్ని తిరగేసింది. ముందు ఆగస్టు, తరవాత 2010 ఫిబ్రవరిలో రెండు గంటల నలభై నిమిషాల సినిమాగా 'అదృశ్యం'. సినిమాలో నగాతో మామూలు అమ్మాయిగా, బిడియంగా క్యోన్ చొక్కా అంచు పట్టుకున్నప్పుడు, ఆ చెయ్యి ఎందుకు వణుకుతోందో ఆ ఎనిమిది వారాలూ చూసినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక క్యోన్ విషయానికొస్తే, ఇన్నాళ్ళూ విసుక్కుంటున్నానని చెప్పుకున్న ఆ గొంతు చివరికి తన ఎదుట తనే నిలబడి, నిజంగా విసుక్కున్నావా అని అడుగుతుంది.

అలాగని ఎండ్‌లెస్ ఎయిట్ గెలిచిందని నేననను. వారానికి ఒక్క ఎపిసోడ్ కోసం మూడేళ్ళు ఎదురుచూసినవాడి చేతిలో అదే ఎపిసోడ్ ఎనిమిది సార్లు పెట్టడం క్రూరమే. మూడు సార్లు చాలు అని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు. 2010 తరవాత హరుహి ప్రధాన కథ టీవీకి తిరిగి రానేలేదు. కానీ ఆ ఓటమి నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. పుస్తకంలో ఒక పేరాలో ఉన్న అంకెని మనిషి ఒంటికి తగిలేలా చెయ్యాలనుకుని హద్దు దాటడం వల్ల వచ్చింది. ఇవి రెండూ వేరువేరు ఓటములు. ఒక పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు.

2019 జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. వాళ్ళలో ఇషిహారాతో కలిసి 'అదృశ్యం' సినిమా తీసిన యసుహిరో తకెమొతో ఉన్నాడు. హరుహికి, క్యోన్‌కి, నగాతోకి తెర రూపం గీసిన షోకో ఇకెదా ఉంది. జీతాలిచ్చి, సొంతంగా శిక్షణ ఇచ్చి, మనుషుల్ని ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంచుకునే సంస్థ అది. ఒకే ఆగస్టుని ఎనిమిది సార్లు గియ్యడానికి అలాంటి చోటే కావాలి. పని బయటికి ముక్కలుగా పంచి, గడువుకి అందించే పద్ధతిలో ఎవరూ అంత ఓపిక పెట్టరు, పెట్టలేరు.

అందుకే ఏదైనా లైట్ నవల యానిమేగా వస్తోందంటే నేను స్టూడియో పేరు, ఎన్ని ఎపిసోడ్లు, ఏ సంపుటం దాకా అని చూస్తాను. ఆ పైన మొదటి ఎపిసోడ్‌లో ఒక్క సంగతి వెతుకుతాను: పుస్తకంలో నాతో మాట్లాడిన మనిషి ఇక్కడ ఎక్కడున్నాడు? నటుడి గొంతులోనా, ఎపిసోడ్ల వరసలోనా, ఎవరూ మాట్లాడని ఒక గదిలోనా? ఎక్కడో ఒకచోట ఉంటే, కథలో సగం మార్చేసినా కూర్చుని చూస్తాను.